తెలుగు బైబిలులో ‘ధర్మము’ : ఒక పదవిచారము

పేదకు పెట్టుట క్రైస్తవమున విశ్వాసమునకు అనుబంధమా, విశ్వాసములో భాగమా? ఇది వేదాంతుల ప్రశ్నయే యని మనము విడువరాదు. 1818లో శ్రీరాంపూరున తెలుగు క్రొత్త నిబంధన అచ్చయినది మొదలు, ఇది తెలుగు పదముల ప్రశ్నయు నైనది.

మత్తయి సువార్త ఆఱవ అధ్యాయము మొదటి వచనమున, నాల్గవ శతాబ్దపు సినాయి, వాటికన్ ప్రతులలో ‘నీతి’ యని యర్థమిచ్చు గ్రీకు పదము కలదు. తరువాతి ప్రతులు పెక్కింట ఆ స్థానమున పేదల కిచ్చు ఈవిని తెలుపు పదము చేరినది. దీనిని లేఖకుల పొరపాటని త్రోసివేయుట తొందరపాటు. హెబ్రీ భాషలో ‘సెదాకా’ యనగా నీతి; కాలక్రమమున పేదల కిచ్చుటకును అదియే పేరైనది. దానియేలు గ్రంథము నాల్గవ అధ్యాయమున అరామిక మూలములోని నీతిపదమును గ్రీకు అనువాదకులు ఈవి యని యర్థమిచ్చు పదముతోనే అనువదించిరి. ఇచ్చుట అనుగ్రహము కాదు, తీర్పవలసిన బాకీ యను భావ మా వాడుకలో నున్నది.

ఈ రెండర్థములను ఒక్కచోట నిలుపుకొన్న పదము మనకును కలదు. బిచ్చగాడు వాకిట నిలిచి ‘ధర్మం చెయ్యండి బాబూ’ యనును. ఉచిత వైద్యశాలను జనులు ధర్మాసుపత్రి యనిరి. అయినను, బహుకాలముగా వాడుకలోనున్న తెలుగు బైబిలున మొదటి వచనమందు ‘నీతికార్యము’ అనియు, రెండవదానియందు ‘ధర్మము’ అనియు వేఱుపడినవి. ప్రాచీన ప్రతుల కిది విధేయమే, తప్పుపట్ట వీలులేదు. కాని రెండుచోట్లను ధర్మశబ్దమే యుండినచో, యూదుల పలుకుబడి వ్యాఖ్య లేకయే తెలుగు పాఠకున కందియుండెడిది. ధర్మమునకు వర్ణధర్మపు వాసన కలదని ఆక్షేపింపవచ్చును. ఆక్షేపణలో బలము లేకపోలేదు. కాని అట్లయిన రెండవ వచనమున మాత్ర మేల గ్రహింపవలెను? కొర్నేలి గుణవర్ణనమందును ఆ పదమే కలదు.

‘దానము’ ఇచట ఒదుగదని మా తలంపు. భగవద్గీత పదునేడవ అధ్యాయము సాత్త్వికదానమునకు దేశకాలపాత్రములను నియమించినది. మత్తయి ఇరువదియైదవ అధ్యాయమున ఆకలిగొన్నవాడు, దప్పిగొన్నవాడు, పరదేశి, బట్టలేనివాడు, రోగి వచ్చిన పిమ్మట, తుదకు చెరసాలలోనివాడు వచ్చును. అతని నేరమేమని ఎవరును అడుగరు. పైగా ఆ యాకలిగొన్నవాడను తానే యని క్రీస్తు చెప్పుటచే, ఇచ్చువాని చేయి పైదను మాటకు తావే లేకపోయినది.

ఈ ఘట్టమున అన్నము పెట్టినవారికి సువార్త యిచ్చిన పేరు ‘దయగలవారు’ కాదు, ‘నీతిమంతులు’. ఆఱవ అధ్యాయమున విడివడిన పోగు ఇచట మరల కలియుచున్నదని తరగతిలో మనలో నెందరము చూపుచున్నాము?