గిడుగు వారి చెవి

ఇంగ్లీషు పలకబోయి తెలుగువాడి నోరు తడబడే చోట్లు చాలా ఉన్నాయి గానీ, మూడు మాత్రం అందరికీ అనుభవమే. మాట చివర హల్లుని ఒంటరిగా వదల్లేం, పక్కన ఉకారం చేరుస్తాం: బస్సు, రోడ్డు, బుక్కు. ‘సింగ్’ అనే మాటలో ఙ దగ్గర ఆగలేక గకారం దాకా పోతాం. ఇక ‘ఎబౌట్’ మొదట్లోనూ ‘టీచర్’ చివర్లోనూ వినీ వినపడనట్టు ఒక అచ్చు ఉంటుంది. అది అ కాదు, ఎ కాదు. మన వర్ణమాలలో దానికి చోటు లేదు. పాతపట్నంలో స్పోకెన్ ఇంగ్లీషుకి వెళ్ళే కుర్రాడికి ఈ మూడూ సీమ నుంచి దిగిన శబ్దాల్లాగే తోస్తాయి. తీరా చూస్తే, ఊరికి కనిపించే కొండల మీద సవరలు ఈ మూడింటినీ ఉగ్గుపాలతో నేర్చుకుంటారు. ఆ శబ్దాలని విని, గుర్తులు పెట్టి, అచ్చుకెక్కించింది పాతపట్నం పక్కనే ఉన్న పర్లాకిమిడి బడిలో పంతులుగారు, గిడుగు వెంకట రామమూర్తి.

ఆయన వ్యావహారిక భాష కోసం చేసిన పోరు అందరికీ తెలిసిందే. ఆయన పుట్టిన ఆగస్టు 29న ఏటా తెలుగు భాషా దినోత్సవం చేస్తాం, దండలు వేస్తాం. దండ వేసేవాళ్ళలో ఆయన సవర పుస్తకాలు తిరగేసినవాళ్ళు ఎందరుంటారో చెప్పలేను. నా మటుకు నాకు ఆయన పనితనం నిండుగా కనిపించేది వాటిలోనే. మూడూ ప్రభుత్వ ప్రచురణలే: 1931లో సవర భాషా బోధిని, 1933లో ఇంగ్లీషు–సవర నిఘంటువు, 1938లో సవర–ఇంగ్లీషు నిఘంటువు. మొదటిది వచ్చేసరికి ఆయనకి అరవై ఏడు దాటాయి, చివరిదానికి డెబ్బై నాలుగు.

శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో 1863లో పుట్టి, విజయనగరంలో గురజాడతో కలిసి చదివి, 1880లో పర్లాకిమిడి రాజావారి బడిలో చేరిన మనిషికి ఇంగ్లీషు పుస్తకాల్లోంచి వచ్చిన భాష. సవరకి ఆ దారి లేదు. పుస్తకం లేదు, లిపి లేదు. తెలుగు వచ్చిన సవర మనిషిని ఇంట్లో పెట్టుకుని, ఒక్కో మాటా అడిగి, విని, రాసుకుని నేర్చుకున్నారు. తర్వాత మన్యం పల్లెల్లో తిరిగారు, సవర పిల్లలకి సొంత ఖర్చుతో బడి పెట్టారు.

రాసుకోవడానికి ఆయన చివరికి ఎంచుకున్న పనిముట్టు అంతర్జాతీయ ధ్వనిలిపి. 1886లో పారిస్‌లో పాల్ పాసీ మొదలుపెట్టిన సంఘం దాన్ని తయారు చేసింది. ఆ సంఘం పెట్టినవాళ్ళు భాషలు నేర్పే పంతుళ్ళు. ఇంగ్లీషు రాత ఒకటీ పలుకు ఒకటీ కావడంతో పిల్లలు పడుతున్న అవస్థ చూసి, ఒక ధ్వనికి ఒకే గుర్తు ఉండాలన్నారు. డేనియల్ జోన్స్ 1917లో వేసిన ఇంగ్లీషు ఉచ్చారణ నిఘంటువుకీ, ఈనాటి డిక్షనరీల్లో మాట పక్కన కనిపించే వింత అక్షరాలకీ మూలం అదే. ఇంగ్లీషు నోటికి పట్టించడానికి పుట్టిన లిపితో ఒక తెలుగు పంతులుగారు సవరని కాగితం మీదకి దించారు.

పేజీ తీస్తే ముందు కంటబడేది రెండు చుక్కల గుర్తు. అది పక్కనున్న అచ్చుని సాగదీయమంటుంది. పుస్తకాల అట్టల మీది భాష పేరులోనే ఓకారం తర్వాత ఒకసారి, ఆకారం తర్వాత ఒకసారి ఆ చుక్కలు పడ్డాయి. ఇంగ్లీషులో ‘షిప్’, ‘షీప్’ అచ్చుల మధ్య నిడివితో పాటు పలుకులోనూ తేడా ఉంది, అదింకో గొడవ. సవరలో నిడివిని ఇంత పట్టుగా నమోదు చేయడం మాత్రం హ్రస్వదీర్ఘాలు నేర్చిన చెవి చేసిన పనే అనిపిస్తుంది.

రెండోది, తలకిందులు చేసిన ఇంగ్లీషు ‘ఈ’ అక్షరం. ‘టీచర్’ చివర నలిగిపోయే అచ్చుకి గుర్తు అదే. సవరలో చాలా నామవాచకాల చివర చేరే ప్రత్యయంలో ఆ అచ్చు ఉంది కాబట్టి ఏ పుట తీసినా అది వరసలు కట్టి కనిపిస్తుంది. దాన్ని అకారం కింద జమకట్టేసి ఉంటే అడిగేవాడు లేడు. ఆయన కట్టలేదు.

మూడోది ఇంగ్లీషు ‘ఎన్’ అక్షరానికి తోక తగిలించిన గుర్తు, అంటే మన ఙ. బడిలో బట్టీ పట్టి ఆ తర్వాత వాడకుండా వదిలేసే అక్షరం. సవరలో కాలిని చెప్పే మాట గకారం జాడ లేకుండా సరిగ్గా ఙ దగ్గర ఆగుతుంది. ఇంగ్లీషు ‘సింగ్’ కోరేదీ అదే. మాట చివర వచ్చే బ, డ లాంటి హల్లులనైతే సవరలు గొంతు బిగించి గాలిని లోపలే ఆపేస్తారు, ఉకారం దూరడానికి సందే ఉండదు.

ఉచ్చారణ ఇలా కుదిరాక అసలు పని మాటల కూర్పులో ఉంది. సవరలో చాలా నామవాచకాలకి నిండు రూపం ఒకటీ, పొట్టి రూపం ఒకటీ ఉంటాయి. విడిగా నిలబడితే నిండు రూపం, క్రియలో చేరితే పొట్టి రూపం. పులి ‘కినా’, క్రియలో చేరితే ‘కిడ్’. దున్న ‘బోఙ్‌తెల్’, చేరితే ‘బోఙ్’. ఆడమనిషి ‘అన్‌సలో’, చేరితే ‘బోజ్’, పోలికే లేదు. కినా తెలిసి కిడ్ తెలియనివాడు పులి మాట చెబుతుంటే వింటూ కూడా పులిని గుర్తుపట్టడు. కొత్త భాషలో మాట నేర్చుకోవడమంటే దాని వేషాలన్నీ నేర్చుకోవడమేనని ఆయనకి తెలుసు. అందుకే ఆ పొట్టి రూపాలని వెతికి పట్టుకుని నమోదు చేశారు.

1931 పుస్తకంలో ఒక వాక్యం ఉంది: ‘ఞమ్‌కిడ్‌తమ్’. ‘ఞమ్’ పట్టు, ‘కిడ్’ పులి, ‘త్’ జరగబోయే కాలం, ‘అమ్’ నిన్ను. పులి నిన్ను పట్టుకుంటుంది. నాలుగు ముక్కలూ ఒక్క ఊపిరిలో ఒకే మాటగా వచ్చేస్తాయి. కర్మ క్రియలో కలిసిపోయే భాషలు లోకంలో ఉన్నాయి. ఇక్కడ కలిసింది కర్త, పట్టుకునే పులి. అది అరుదు. అందుకే భాషాశాస్త్ర గ్రంథాలు ఇప్పటికీ ఈ చిన్న వాక్యాన్ని ఆయన పేరుతో ఉదహరిస్తుంటాయి. మాటలకి అర్థాలు అడిగి జాబితా రాసుకునేవాడికి ఇలాంటిది దొరకదు. అడవి దారిలో ఒకరినొకరు హెచ్చరించుకునే మాటలా ఉంది అది, విన్నది విన్నట్టు రాసుకోవాలి.

మన్యం జ్వరాలకి మింగిన క్వినైన్ వల్ల ఆయనకి చెవుడు వచ్చిందని జీవితచరిత్రకారులు రాశారు. ఈ పుస్తకాలు వచ్చిన ఏళ్ళు చూస్తే ఆ సంగతి గుండెలో గుచ్చుకుంటుంది. ధ్వనిశాస్త్రం చదువుకున్న కొడుకు సీతాపతి ఈ పనిలో తోడున్నారు. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడి పర్లాకిమిడి అటు పోయిన రోజునే ఆయన ఊరు విడిచి రాజమండ్రి వెళ్ళిపోయారు. పాతపట్నం ఇటే ఉండిపోయింది. చివరి నిఘంటువు ఆ తర్వాత రెండేళ్ళకి వచ్చింది. 1940 జనవరి 22న ఆయన పోయారు.

లోపం లేదనను. ఈ లిపి పండితుడికి అనుకూలం. సంతకి కొండచీపుర్లు, పసుపు దించుకొచ్చే సవరకి తన మాటే తనకి చదవడానికి రాదు. ఆ కొరత సవరలకీ తోచినట్టుంది, ఆ 1936లోనే మంగేయి గొమాంగో తమ భాషకి వేరే లిపి కట్టారు. గిడుగు వారి నిఘంటువు మాత్రం ఎక్కడో హవాయి విశ్వవిద్యాలయం దాకా వెళ్ళింది. అక్కడ డేవిడ్ స్టాంప్, పట్రీషియా డొనెగన్ దాన్ని కంప్యూటర్‌లోకి ఎక్కించారు, సవర చేరిన ముండా కుటుంబపు భాషల మీద పనిచేసేవాళ్ళు ఇప్పటికీ అందులోనే మాటలు వెతుక్కుంటున్నారు.