చెయ్యి వేసే ముందు

పశువుకు నరాల జబ్బు అనగానే స్కానింగు, ల్యాబు గుర్తొస్తాయి. పల్లెలో మా పశువైద్యుల దగ్గర ఉండేది ఒక టార్చి. అది, కళ్లు, చేతులు చాలు, చెడింది మెదడులోనా, వెన్నుపాములోనా, కాలి నరంలోనా అన్నది చాలావరకు తేల్చొచ్చు. రోగం పేరు తర్వాత. ముందు ఎక్కడ చెడిందో తెలియాలి.

చెయ్యి వేయకముందే సగం పరీక్ష అయిపోవాలి. కొట్టం బయటే నిలబడి చూస్తాను. నెమరేస్తోందా? తల ఒక పక్కకు వాలిందా? చప్పుడైతే రెండు చెవులూ కదులుతున్నాయా? వీపు మీద ఈగ వాలితే తోలు అదరాలి. ఆ అదురు ఒక చోటు నుంచి వెనక్కి లేకపోతే వెన్నుపాము ఆ దగ్గరలోనే దెబ్బతిందని అనుమానించాలి. మోకాలి దగ్గర సుత్తితో తట్టి చూడడం నిలబడ్డ గేదెలో కుదరదు. పడుకోబెట్టగలిగిన దూడలోనో, మేకలోనో కుదురుతుంది.

నాకు అన్నిటికన్నా ఇష్టమైనది కంటి పరీక్ష. కంటి ముందుకు చెయ్యి చటుక్కున తెస్తే పశువు రెప్ప వేయాలి. గాలి తగలకుండా తేవాలి, తగిలితే గుడ్డి కన్ను కూడా రెప్ప వేస్తుంది. అప్పుడే పుట్టిన దూడ రెప్ప వేయదు, అది జబ్బు కాదు. కొన్ని రోజులకు నేర్చుకుంటుంది. తర్వాత టార్చి వేసి కంటిపాప చూడాలి. గింజలు మితిమీరి తిన్న మేక గోడకు తల ఆనించి నిలబడింది, చెయ్యి చూపితే రెప్ప వేయదు, టార్చి వేస్తే మాత్రం పాప ముడుచుకుంటోంది అనుకోండి. కన్ను బాగానే ఉంది, చూపును గ్రహించే పైమెదడు చెడింది. బి1 విటమిన్ లోపాన్ని ముందుగా అనుమానించాలి. తొందరగా ఆ ఇంజెక్షన్లు మొదలుపెడితే చూపు తిరిగొచ్చే అవకాశం ఉంది. ఆలస్యమైతే మేక దక్కదు.

2019 పశుగణనలో గొర్రెల సంఖ్యలో తెలంగాణది దేశంలో మొదటి స్థానం, ఆంధ్రప్రదేశ్‌ది రెండోది. ఇన్ని మందలున్న చోట గొర్రె గిర్రున తిరిగే జబ్బు కాపరులకు కొత్త కాదు. "ఎప్పుడూ ఎడమకే తిరుగుతాంది సారూ, కుడిపక్క ఏమున్నా గుద్దుకుంటాంది" అని ఒక కాపరి చెప్పాడు. నేను చేయాల్సిన పరీక్షలో సగం ఆ మాటలోనే ఉంది. మెదడులో నీటితిత్తి ఉంటే గొర్రె సాధారణంగా ఆ తిత్తి ఉన్న వైపే తిరుగుతుంది, చూపు ఎదుటి వైపు కంటికి పోతుంది. ఒక్కోసారి ఆ చోట పుర్రె బొటనవేలికి మెత్తగా తగులుతుంది. ఆపరేషన్ చేసి తిత్తి తీయొచ్చు. అసలు మూలం కుక్క పేగుల్లోని బద్దెపురుగు. కోసిన గొర్రె తలను కుక్కలకు వేయడం ఆపి, మంద కుక్కలకు పురుగుల మందు వేయిస్తే ఈ జబ్బు చాలావరకు తగ్గుతుంది. తిరగడంతో పాటు ఒకే పక్క చెవి, రెప్ప వాలి, ఆ పక్క దవడలో మేత నిలిచిపోతే అది వేరు: లిస్టీరియా అనే బ్యాక్టీరియా జబ్బు. పాడైన సైలేజీ మేపారేమో అడగాలి.

ఈనిన ఆవు లేవలేదంటే వెంటనే కాల్షియం సీసా ఎత్తేస్తారు. మెడ డొక్క వైపు తిప్పుకుని, చెవులు చల్లబడి, మత్తుగా ఉంటే అది పాలజ్వరమే, కాల్షియం కావాలి. కానీ చురుగ్గా మేత తింటూ, లేవబోతే వెనక కాళ్లు రెండూ పక్కలకు జారిపోతుంటే, దూడ కష్టంగా రావడంతో నరం నలిగి ఉండొచ్చు. దానికి కాల్షియం కాదు, కాళ్లు చీలిపోకుండా వదులుగా కలిపి కట్టడం, మెత్తటి నేల కావాలి.

రైతన్నలకూ గోపాలమిత్రలకూ ఒక్క మాట చెప్పాలి. చొంగ కారుస్తూ, నీళ్లు మింగలేక, గొంతు మారి అరిచే పశువును చూసి "గొంతులో ఏదో అడ్డుపడింది" అని నోట్లో చెయ్యి పెట్టకండి. కొన్ని నెలల వెనక కుక్క కరిచిందేమో అడగండి, గుర్తులేదన్నా రేబీస్ కాదని అనుకోకండి. చొంగ గాయానికో, నోటికో, కంటికో తగిలితే గాయాన్ని సబ్బుతో 15 నిమిషాలు కడగండి, నోరూ కళ్లూ మంచినీళ్లతో బాగా కడగండి, అదే రోజు ఆసుపత్రికి వెళ్లి టీకా మొదలుపెట్టించుకోండి. లక్షణాలు బయటపడ్డాక రేబీస్‌ను నయం చేసే మందు పశువుకూ లేదు, మనిషికీ లేదు.