ఊదర కుండ, నిప్పు కర్ర

మా చిత్తూరు జిల్లా ఐరాల నుంచి బయల్దేరి తిరుపతి, శ్రీకాళహస్తి, నాయుడుపేట దాటి సూళ్లూరుపేట చేరితే, అక్కడి రోడ్డు పులికాట్ సరస్సు నడుమగా సాగుతుంది. రెండు పక్కలా నీళ్లు. చలికాలమైతే రాజహంసల గుంపులు. ఆ రోడ్డు చివర శ్రీహరికోట ద్వీపం. జనం అక్కడికి రాకెట్ కోసం వెళ్తారు. అడవి కోసం వెళ్లేవాళ్లు తక్కువ.

నిజానికి అది చాలా అరుదైన అడవి. సహ్యాద్రి వర్షారణ్యాలంత ఎత్తు ఎదగదు, అంత వానా పడదు. పడే కాస్త వానా ఎక్కువగా ఈశాన్య రుతుపవనాలదే. అయినా ఏడాది పొడవునా పచ్చగానే ఉంటుంది. పాల, అల్లి, నేరేడు, ముష్టి చెట్లు అల్లుకున్న ఈ అడవి యానాది గిరిజనుల ఇల్లు. 1835లో ఆంగ్లేయ ప్రభుత్వం ద్వీపాన్ని తీసుకునేనాటికే వాళ్లు అక్కడున్నారు. ఆ తర్వాత ఈ అడవి కట్టె మద్రాసు పొయ్యిల్లో కాలింది. 1971 అక్టోబరు 9న మొదటి రాకెట్ ఎగిరింది. అంతరిక్ష కేంద్రం కోసం ఊళ్లు ఖాళీ అయ్యాయి.

యానాదుల దగ్గర ఉన్నది పేదరికమేనని చాలామంది అనుకుంటారు. వాళ్ల చేతుల్లో ఉన్న విద్యను ఎవరూ లెక్కలోకి తీసుకోరు.

నిప్పు పుట్టించడమే చూడండి. పొట్టి కర్రలో చిన్న గుంట తొలిచి, దాన్ని నేలకు అదిమి పట్టి, పొడుగు కర్రను ఆ గుంటలో నిలిపి అరచేతుల మధ్య చరచరా తిప్పుతారు. రాపిడికి పుట్టిన నిప్పును ఎండుటాకులకో గుడ్డపేలికకో అందిస్తారు. ఇందులో శ్రీహరికోట అడవి యానాదులదే అందెవేసిన చెయ్యి అని, దక్షిణ భారత కులాలు, తెగల మీద 1909లో వచ్చిన ఎడ్గర్ థర్‌స్టన్ గ్రంథం చెబుతుంది.

ఎలుకలు పట్టే పని చూడాలంటే ద్వీపం దాకా పోనక్కర్లేదు. చిత్తూరు చేలల్లోనూ యానాదులే దిక్కు. ముందు గట్టు వెంట నడిచి బొరియలు చూస్తారు. కొత్తగా తోడిన మన్ను ఉందా, కంకులు లాక్కెళ్లిన జాడ ఉందా, సాలెగూడు పట్టిందా? గూడు పట్టిన బొరియలో ఎలుక తిరగడం లేదన్నమాట. మిగతా కన్నాలను మట్టితో మూసి, అడుగున చిల్లి ఉన్న కుండలో గడ్డి కూరి నిప్పు పెట్టి, కుండ మూతిని బొరియకు ఆనించి చిల్లి గుండా ఊదుతారు. దీన్నే ఊదర పెట్టడం అంటారు. లోపలి దారులన్నీ పొగతో నిండాక తవ్వుతారు. ఎలుకలు దొరుకుతాయి, అవి దాచిన గింజలూ దొరుకుతాయి. చేనికి విషం అంటదు, గద్దకూ గుడ్లగూబకూ చచ్చిన ఎలుక వల్ల ముప్పు ఉండదు. అయితే ఆ పొగ ఊదే మనిషి ఊపిరితిత్తుల్లోకీ పోతుంది. ఆ కష్టానికి రైతు ఇచ్చే కూలి ఏమాత్రం చాలదు.

వేళ్ల సంగతి మరొకటి. కోరమాండల్ బట్టకు ఎర్రరంగునిచ్చిన చిరివేరును శ్రీహరికోట యానాదులు తవ్వి తెచ్చేవారు. మన వేసవి దాహం తీర్చే నన్నారికి మారేడు గడ్డలు శేషాచలం వైపు కొండల నుంచి వస్తాయి. గడ్డంతా పెళ్లగిస్తే తీగ చస్తుంది. కొంత వదిలితే మళ్లీ చిగురిస్తుంది. ఎంత వదలాలో తెలిసినవాళ్లను పక్కనపెట్టి, బరువు తూచి కొనే వ్యాపారం పెరిగింది. ఆ తీగ ఇప్పుడు అరుదైపోతోంది.

ఇలాంటి విద్యకు విలువ కట్టడం సాధ్యమేనని పక్క రాష్ట్రం తమిళనాడులో ఇరుళ గిరిజనులు చూపించారు. 1972 వన్యప్రాణి చట్టం తర్వాత పాముతోళ్ల వ్యాపారం ఆగిపోతే, 1978లో వాళ్లు సహకార సంఘం పెట్టుకున్నారు. చెన్నై దగ్గరి వడనెమ్మేలిలో నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్నపింజరిల విషం తీసి విరుగుడు మందు తయారీకి అమ్ముతారు. పామును కొన్నాళ్లకు తిరిగి అడవిలో వదిలేస్తారు. వాళ్లలో, అమెరికా ఫ్లోరిడాలో కొండచిలువలు పట్టివచ్చిన మాసి సడయన్, వడివేల్ గోపాల్‌లకు 2023లో పద్మశ్రీ దక్కింది.

సూళ్లూరుపేటలో రాజహంసల పండగ జరిగినప్పుడు వేలమంది వస్తారు. ఆ పండగలో ఒక పూట యానాదులకివ్వాలి. వింతగా చూపించడానికి కాదు, గురువులుగా. బొరియ జాడ ఎలా కనిపెట్టాలో, గడ్డ ఎంత మిగల్చాలో వాళ్లు చెప్పాలి. విన్నవాళ్లు రుసుము చెల్లించాలి. ఐరాల నుంచి ఒక బస్సు నిండా రైతులు వెళ్లినా చాలు, ఆ పూట దండిగా గడుస్తుంది.