'పాసింగ్' : జాతిరహస్యము - మాతృత్వభీతి

నల్లజాతి వంశమున జన్మించియు, మేనిచాయ తెలుపగుటచే తెల్లవారిగా చెలామణి యగుటకు అమెరికాలో 'పాసింగ్' అని పేరు. చెలామణి యను మాటను మనము నాణెమునకు వాడుదుము. నాణెమువలెనే ఇట్టి మనిషియు ఎదుటివారి యంగీకారముచేతనే చెల్లును. ఈ పేరుతో నెల్లా లార్సెన్ రచించిన నవల 1929లో వెలువడినది. రెబెకా హాల్ దర్శకత్వమున అది 2021లో చలనచిత్రమైనది. ఈ రెండింటిని పోల్చి, జాతిరహస్యమునకును స్త్రీజీవితమునకును గల సంబంధమును విచారింపదలచితిమి.

అచట జాతిని నిర్ణయించునది మేనిచాయ కాదు, వంశము. 1924 నాటి వర్జీనియా శాసనము, స్వల్పమైన యొక మినహాయింపుతో, అన్యరక్తము లేశమున్నవారిని తెల్లవారిగా నంగీకరింపలేదు. తెల్లవారికి ఇతరులతో వివాహమును నిషేధించినది. ఇట్టి నిషేధములు చెల్లవని సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది 1967లో మాత్రమే. కావున కంటికి కానరాని దానినే దాచుకొనవలసిన స్థితి యేర్పడినది.

నవలలో క్లేర్ కెండ్రీ తన పుట్టుకను దాచి జాన్ బెల్యూ అను తెల్లవానిని వివాహమాడినది. అతడు నల్లవారిని ద్వేషించువాడు. ఆమె బాల్యసఖి ఐరీన్ రెడ్‌ఫీల్డ్ హార్లెంలో నల్లజాతి వైద్యుని భార్యగా గౌరవముతో జీవించుచున్నది. చికాగోలోని హోటలులో వీరు మరల కలిసికొనునాడు ఐరీన్ సైతము ఆ పూటకు తెల్లదానిగానే చెల్లుచున్నది. ఒకతె కపటి, వేరొకతె నిష్కపటి యను విభజన మొదటనే చెదరినది.

మా దృష్టిలో నవలకు ఆయువుపట్టు క్లేర్ ఇచ్చిన తేనీటి విందు. గెర్ట్రూడ్ అను మూడవ స్నేహితురాలు అచటనున్నది. మాట బిడ్డలమీదికి పోవును. బిడ్డ నల్లగా పుట్టునేమో యని తొమ్మిది నెలలు ప్రాణభయముతో గడిపితినని క్లేర్ చెప్పును; మరల తల్లి కాదలచలేదు. గెర్ట్రూడ్ పుట్టుక ఆమె తెల్లభర్తకు తెలిసినదే. ఐనను ఆమెకును అదే భయము. అప్పుడు ఐరీన్ తన కుమారులలో ఒకడు నల్లనివాడని తెలుపును.

పుట్టుక దాచిన పురుషునికిని ఈ ప్రమాదము లేదా యని శంకింపవచ్చును. కలదు. కాని తన దేహమే తనపై సాక్ష్యము చెప్పునేమో యని నెలలు లెక్కించుట స్త్రీకే గలదు. పుట్టిన బిడ్డకు ముందుగా సంజాయిషీ చెప్పుకొనవలసినదియు తల్లియే. గెర్ట్రూడ్ నిదర్శనముచే ఇంకొక విషయము స్పష్టమగుచున్నది. దాచవలసిన రహస్యము లేనిచోటను భయము పోలేదు. కనుక అది క్లేర్ చేసిన మోసమునకు శిక్ష కాదు. సంఘము తల్లి గర్భమున నాటిన భీతి.

చిత్రమున గెర్ట్రూడ్ లేదు. దీనిని లోపమనియే భావించుచున్నాము. మువ్వురి నడుమ సాంఘికముగా తోచిన భయము ఇచట క్లేర్ సొంత కథయై కుంచించుకుపోయినది. ఐనను చిత్రము సాధించినది తక్కువ కాదు. నలుపు తెలుపులలో తీయుటచే మేనిచాయలన్నియు బూడిదవన్నెలో కలిసిపోయి, జాతిని కంటితో తేల్చజూచు ప్రేక్షకునికి ఆధారము చిక్కదు. ఐరీన్, క్లేర్‌ల నడుమ గల ఆకర్షణను 1986లో డెబొరా మెక్‌డవల్ తన పీఠికలో వివరించినది. టెస్సా థాంప్సన్, రూత్ నెగ్గాల చూపులలో అది మాటల కందని రీతిని పలికినది. దర్శకురాలి మాతామహుడును తెల్లవానిగా చెలామణి యైనవాడే యనుట స్మరణీయము.

తుదకు బెల్యూ నిజము తెలిసి వచ్చిన క్షణమున క్లేర్ కిటికీనుండి పడి మరణించును. ఆమె తానుగా పడెనో, ఐరీన్ చేయి త్రోసెనో నవల తేల్చదు. విమర్శకు లీ సందేహముతో నాగుట కద్దు. మాకు తోచు సందేహము వేరు. స్విట్జర్లాండు పాఠశాలలో నున్న క్లేర్ కూతురు మార్జరీ కథలో నొక్కసారియు కంటబడదు. తల్లి దాచినది తండ్రికి తెలిసినది. ఇక నా బాలిక యెవరి బిడ్డగా చెల్లును?