నీటిమట్టం కింద ఒక రంధ్రం

రిమోటుతో నడిచే ఎలక్ట్రిక్ బోటును చెరువులో వదలగానే అందరి చూపూ దాని వేగం మీదికే పోతుంది. నాకైతే బోటు గట్టుకు వచ్చాక మూత తీసి లోపల చెయ్యి పెట్టినప్పుడే ఎక్కువ ఆశ్చర్యం. లోపల పొడిగా ఉంటుంది. బోటు అడుగున రంధ్రం పెట్టి, అందులోంచి ఉక్కు కడ్డీ ఒకదాన్ని నీళ్లలోకి దించి, దాన్ని నిమిషానికి వేలసార్లు తిప్పినా నీరు లోపలికి రాలేదు. ఈ బోటులో పనితనం ఎక్కడుందని ఎవరైనా అడిగితే జానెడు పొడవున్న ఆ షాఫ్టు గొట్టాన్నే చూపిస్తాను.

నీటిని ఆపింది రబ్బరు వాషర్ల బిగింపు కాదు. అంత బిగిస్తే రాపిడికే బ్యాటరీ సగం ఖర్చవుతుంది. ఇత్తడి గొట్టాన్ని ఏటవాలుగా అమర్చడంలో ఉంది ఉపాయం. దాని బయటి కొస నీళ్లలో ఉంటుంది, లోపలి కొస నీటిమట్టానికి పైన ఉంటుంది. గొట్టంలోకి నీరు ఎక్కినా చెరువు మట్టం దాకానే ఎక్కుతుంది, పై కొసను దాటి రాదు. రెండు కొసల్లోనూ కంచు బుష్షులు, మధ్యలో నిండా గ్రీజు. బండి ఇరుసుకు కందెన పెట్టినట్టే ఇది రాపిడి తగ్గిస్తుంది, అదనంగా నీటికి అడ్డుగా కూడా నిలుస్తుంది. అలాగని లోపలి కొసను ఎంత పైకి లేపితే అంత మంచిదనుకోకూడదు. వాలు ఎక్కువైన కొద్దీ ప్రొపెల్లర్ తోపులో కొంత బోటు వెనక భాగాన్ని పైకెత్తడానికే పోతుంది, ముక్కు నీళ్లలోకి వంగుతుంది. నీరు రాకూడదు, తోపు వృథా కాకూడదు. ఈ రెంటి మధ్య సరైన వాలు పట్టుకున్నవాడే పనివాడు.

ఆ తర్వాత మోటారు. దాని ఇరుసు, బోటు షాఫ్టు ఒకే గీతలో నిలవాలి. కాస్త తేడా ఉన్నా వణుకు మొదలవుతుంది. వణుకు బుష్షులను అరగదీస్తుంది, గొట్టం చుట్టూ పోసిన ఎపాక్సీని వదులు చేస్తుంది, ఆ సందులోంచి నీరు దూరుతుంది. అందుకే చేయి తిరిగినవాళ్లు మోటారును కంటి కొలతతో బిగించరు. మోటారు ఇరుసునూ షాఫ్టునూ రెండు వైపుల నుంచి ఒకే ఇత్తడి స్లీవులో దూర్చి, రెండూ ఒకే కడ్డీలా నిలిచాక, అప్పుడు మోటారు దిమ్మను అడుగుకు అతికిస్తారు. ఎపాక్సీ గట్టిపడ్డాక స్లీవు తీసేసి దాని చోట కప్లింగ్ పెడతారు. పూర్తయిన బోటులో ఆ స్లీవు కనిపించదు, దాని ఫలితం మాత్రం బోటు ఉన్నన్నాళ్లూ ఉంటుంది. కప్లింగ్ విప్పి షాఫ్టును వేలితో ఒక్కసారి తిప్పి చూడండి. ఎక్కడా పట్టకుండా తిరిగి మెల్లగా ఆగితే చేసినవారికి నమస్కారం పెట్టవచ్చు.

పరుగు పందేల బోట్లలో కడ్డీ బదులు పేనిన ఉక్కు తీగ ఉంటుంది. బరువు పడినప్పుడు అది మెలిపడి పొట్టిదవుతుంది. అందుకని ప్రొపెల్లర్ దగ్గర రెండు మూడు మిల్లీమీటర్ల ఖాళీ వదులుతారు. చూసేవారికి సరిగా బిగించలేదనిపించే ఆ ఖాళీ లెక్క ప్రకారం వదిలిందే. ఈ తీగను రోజూ ఆట ముగిశాక బయటికి తీసి, తుడిచి, కొత్త గ్రీజు పూసి పెట్టాలి. అలా చెయ్యకపోతే తుప్పు పడుతుంది.

ప్రొపెల్లర్ విషయంలో ఆశ పనికిరాదు. వేగం అంతే ఉంచి దాని వ్యాసాన్ని పది శాతం పెంచితే మోటారు మీద భారం దాదాపు 60 శాతం పెరుగుతుంది. రెండు సెల్‌ల లిథియం పాలిమర్ బ్యాటరీ తీసి మూడు సెల్‌లది పెట్టి, అదే ప్రొపెల్లర్‌ను ఒకటిన్నర రెట్ల వేగంతో తిప్పాలంటే మూడు రెట్లకు పైగా శక్తి కావాలి. అందుకే కొత్త అమరికతో తొలి పరుగును రెండు నిమిషాలకే ఆపి మోటారు, స్పీడ్ కంట్రోలర్, బ్యాటరీల వేడి చూస్తారు. చెయ్యి ఆనించలేనంత వేడి ఉంటే చిన్న ప్రొపెల్లర్ వేస్తారు. మరో సూక్ష్మం ఉంది. వెనక నుంచి చూస్తే గడియారం దిశలో తిరిగే ప్రొపెల్లర్ బోటును ఎడమకు ఒరిగేలా చేస్తుంది. బ్యాటరీని కొద్దిగా కుడికి జరిపి దాన్ని సరిచేస్తారు. గట్టు దగ్గర కదలకుండా ఉన్నప్పుడు బోటు కుడికి వాలి కనిపిస్తే దానికి కారణం ఇదే కావచ్చు.

ఈ ఆటకు తొలి రూపం నికోలా టెస్లా చేతి పని. 1898 లో న్యూయార్క్ మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో ఆయన వైర్‌లెస్ బోటును నడిపి చూపించారు. ఆ ఏడాది నవంబరు 8 న పేటెంటు వచ్చింది. దాని రిసీవర్‌లో లోహపు పొడి ఉన్న చిన్న గొట్టం ఉంటుంది. రేడియో తరంగం తగిలితే రేణువులు ఒకదానికొకటి అంటుకుని కరెంటును పోనిస్తాయి. మళ్లీ విడదీస్తే తప్ప రెండో సంకేతాన్ని అవి గుర్తించలేవు. అందుకని ప్రతి సంకేతం తర్వాత గొట్టాన్ని తిరగేసే యంత్రాన్ని ఆయన అమర్చారు. ట్రాన్సిస్టరు పుట్టడానికి సుమారు అర్ధ శతాబ్దం ముందు, పొడి నింపిన గొట్టంతో చుక్కానిని తిప్పడం నా దృష్టిలో అపూర్వమైన పని.

మన రాష్ట్రంలో చిన్న బోటును చాలా పెద్ద పనికి వాడే చోటు విశాఖపట్నంలో ఉంది. అక్కడి నేవల్ సైన్స్ అండ్ టెక్నలాజికల్ లేబొరేటరీలో 500 మీటర్ల పొడవైన నీటి తొట్టి ఉంది. 2018 లో 135 మీటర్ల పొడవు, 37 మీటర్ల వెడల్పు గల మరో కొలను ప్రారంభమైంది. ఓడ కట్టకముందే దాని నమూనాను ఇలాంటి చోట్ల నడిపి, అలల్లో అది ఎలా నిలుస్తుందో, ఎలా మలుపు తిరుగుతుందో కొలుస్తారు. దీని వెనకున్న సూత్రం 19వ శతాబ్దపు ఇంగ్లండు ఇంజనీరు విలియం ఫ్రౌడ్‌ది. నమూనా 25 వంతుల్లో ఒకటైతే వేగం 25 వంతుల్లో ఒకటి కాదు, అయిదో వంతు ఉండాలి. సరదాగా టగ్‌బోటు నమూనా చేసుకునేవారికి కూడా ఇదే లెక్క. ఆ వేగంతో నడిపితేనే దాని అలలు నిజమైన ఓడ అలల్లా కనిపిస్తాయి.

అనుమసముద్రంపేట, ఆత్మకూరు, ఉదయగిరి వైపు ఈ బోట్లకు అనువైన కాలం ఈశాన్య రుతుపవనాల వానలకు చెరువులు నిండాక వస్తుంది. 78 టీఎంసీల సోమశిల జలాశయం దగ్గరే ఉన్నా చిన్న బోటుకు అది తగదు. గాలికి లేచే అలలు, లోతు రెండూ ఎక్కువే. ఊరి కుంట చాలు. తూముకూ నీరు పొర్లే కలుజుకూ దూరంగా, నాచు, గుర్రపుడెక్క లేనిచోట వదలాలి. 2.4 గిగాహెర్ట్జ్ తరంగాలు నీళ్లలో దూరం పోలేవు కనుక యాంటెన్నా కొస నీటిమట్టానికి పైన నిలబడాలి. సిగ్నల్ తెగితే మోటారు ఆగేలా ముందే సెట్ చేసి, ఒడ్డునే రిమోటు ఆపి పరీక్షించాలి. బోటు ఖాళీల్లో థర్మోకోల్ లాంటి తేలే పదార్థం నింపితే నీరు నిండినా మునగదు. బ్యాటరీ సెల్‌ను 4.2 వోల్టులకు మించి ఎక్కించకూడదు, 3 వోల్టుల కిందికి దించకూడదు, ఛార్జింగ్ పెట్టి పక్కకు పోకూడదు. మధ్యలో ఆగిపోయిన బోటు కోసం పిల్లలను నీళ్లలోకి దిగనివ్వకండి. గాలే దాన్ని ఏదో ఒక గట్టుకు చేరుస్తుంది.

ఉదయగిరిలో చెక్క గరిటెలు, చెంచాలు చేసే కుటుంబాలున్నాయి. కొండ చెక్కను సన్నని కాడగా తీర్చి, దాని మీద నగిషీ చెక్కే ఆ చేతులకు భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది. చెంచా గుంటను గోడ మందం ఎక్కడా తేడా రాకుండా తొలిచేవారికి బోటు పొట్టను తొలవడం కొత్త విద్య కాదు. డెక్కు, రెయిలింగు, క్యాబిన్ కిటికీలు వారు చేస్తే అంగట్లో దొరికే ప్లాస్టిక్ బోటు దాని పక్కన నిలవదని నా నమ్మకం. ఎన్‌సీసీ నౌకా విభాగంలో ఓడ నమూనాల తయారీ శిక్షణలో భాగంగా ఉండనే ఉంది. ఈ ప్రాంతపు హైస్కూలు సైన్సు మాస్టార్లెవరైనా ఒక డ్రాయింగు పట్టుకుని ఉదయగిరి వెళ్లి ఆ పనివారిని అడగాలి. మోటారు, రిసీవర్ అమర్చే పని పిల్లలకు వదిలిపెట్టాలి.