గాట్స్‌బీ అలమారలో కోయని పుటలు

స్కాట్ ఫిట్జ్‌జెరాల్డ్ ‘ది గ్రేట్ గాట్స్‌బీ’ మూడవ అధ్యాయంలో ఒక తాగిన అతిథి గాట్స్‌బీ ఇంటి గ్రంథాలయంలోకి వచ్చి నిర్ఘాంతపోతాడు. అలమారల్లో ఉన్నవి ఉత్త అట్టలు కావు, నిజమైన పుస్తకాలే! కాకపోతే పుటలు కోసి లేవు. ఆ రోజుల్లో కొన్ని పుస్తకాలు అంచుల మడతలు విడదీయకుండానే వచ్చేవి. చదవదలచినవాడు చాకుతో కోసుకోవాలి. గాట్స్‌బీ కోసుకోలేదు. కొత్తగా డబ్బు చేసినవాడు సంస్కృతిని ఎట్లా కొనుక్కుంటాడో రచయిత ఈ ఒక్క వివరంతో చెప్పేశాడు.

ఆ నవల తొలి ముద్రణకు తర్వాత పట్టిన గతి చూస్తే ఆ తాగుబోతే నయమనిపిస్తుంది. అతను కనీసం పుస్తకం తీసి చూశాడు.

1925 ఏప్రిల్‌లో స్క్రిబ్‌నర్స్ సంస్థ 20,870 ప్రతులు వేసింది. అదే ఏడు వేసిన 3,000 ప్రతుల మలిముద్రణలో కొన్ని, 1940లో రచయిత కన్నుమూసేనాటికీ అమ్ముడుపోలేదు. ఇప్పుడు తొలి ముద్రణ ప్రతి మంచి జాకెట్‌తో దొరికితే వేలంలో లక్ష డాలర్లు దాటుతుంది. జాకెట్ లేకపోతే కొన్ని వేలకు పడిపోతుంది. నవలలో మాత్రం ఒక్క అక్షరం తగ్గదు! అక్షరమంటే గుర్తొచ్చింది: జాకెట్ వెనుక ‘జే గాట్స్‌బీ’ అన్న పేరులో మొదటి అక్షరం పొరపాటున చిన్నదిగా పడింది. చాలా ప్రతుల్లో దాన్ని చేత్తో సిరా పెట్టి దిద్దారు. 205వ పుటలో ఇంకో అచ్చుతప్పు. సేకర్త మొదట తిప్పేది ఆ పుటే. వినిమయ విలువ ఉపయోగపు విలువను మింగడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు తెలియదు.

అట్లాగని సంతకమంతా బూటకమనే మిత్రులతో నేను ఏకీభవించను. ఆ ఏడాదే ఫిట్జ్‌జెరాల్డ్ టి.ఎస్. ఎలియట్‌కు ఒక ప్రతి సంతకం చేసి పంపాడు. మూడుసార్లు చదివానని ఎలియట్ జవాబు రాశాడు. అది ఒక రచయిత మరో రచయితను పలకరించడం. ఆ సిరాకు ధర కట్టిన రోజున అది సరుకవుతుంది. తొలి ముద్రణలను భద్రపరచడమూ వృథా కాదు. ఏ మాట రచయితది, ఏది అచ్చు కూర్చినవాడి పొరపాటు అని తేల్చడానికి అవే సాక్ష్యం. అయితే సాక్షి ఉండవలసింది గ్రంథాలయంలో, ఇనప్పెట్టెలో కాదు.

నవలను బతికించింది సేకర్తలు కారు. ఎడ్మండ్ విల్సన్ వంటి మిత్రుల పూనిక కొంత. 1945లో అమెరికా సైనికులకు ఉచితంగా పంచిన, జేబులో పట్టే చవక ముద్రణ మరికొంత. లక్షన్నర ప్రతుల దాకా వేశారు. అవి నలగడానికే పుట్టిన పుస్తకాలు.

ఇంత రాసి నా అలమార సంగతి దాచడం న్యాయం కాదు. నా దగ్గర ఒక తెలుగు నవల తొలి ముద్రణ, రచయిత సంతకంతో ఉంది. రెండేళ్ల కిందట పరిశోధన చేస్తున్న ఒక అమ్మాయి వచ్చి అడిగింది. తర్వాతి ముద్రణల్లో తీసేసిన ముందుమాట అందులో ఉందట. ఎక్కడో కలిసిపోయిందమ్మా, వెతకాలి అన్నాను. అది నా వెనకే, అద్దాల తలుపు లోపల ఉంది. ఆమె వెళ్లాక తీసి చూశాను. ఆ ముందుమాట నేనూ చదవలేదు.

గత నెల ఆమెకు ఉత్తరం రాశాను, పుస్తకం దొరికిందని. సిద్ధాంత వ్యాసం సమర్పించేశానండీ అని జవాబొచ్చింది.