జరీనా గీసిన గడప

జరీనా హష్మీ (1937-2020) బొమ్మల్లో మనుషులుండరు. నల్ల గీతలు, గళ్ళు, ఖాళీ కాగితం. అంతే. కొందరు దాన్ని మినిమలిజం అన్నారు, కొందరు ఇస్లామిక్ జ్యామితి అన్నారు. ఏ పేరు పెట్టినా అందులో ఉన్నది ఇల్లు.

1999లో ఆమె చేసిన ‘హోమ్ ఈజ్ ఎ ఫారిన్ ప్లేస్’ 36 చెక్క అచ్చుల వరస. ఒక్కోదాని కింద నస్తాలీఖ్‌లో ఒక్కో ఉర్దూ మాట. ఘర్ అన్నచోట అలీగఢ్ ఇంటి నక్షా. చౌఖట్ అంటే మన గడపే. 1959లో అమ్మానాన్నలు పాకిస్తాన్ వెళ్ళిపోయాక ఆమెకి మిగిలింది ఈ మాటలే.

2001 నాటి ‘డివైడింగ్ లైన్’లో సరిహద్దు ఒక వంకర నల్లగీత. చూసేవాళ్ళకి అది అమూర్త చిత్రం. పుట్టినూళ్ళోనే ‘పాకిస్తాన్ పొండి’ అనిపించుకున్న మనకి అందులో అమూర్తం ఏముంది?

అయినా ఒక మాట చెప్పుకోవాలి. ఆ చౌఖట్ ప్రొఫెసర్ గారింటిది. ఉర్దూ రాని మన దూదేకుల ఇంటి గడప అందులో లేదు. తప్పు జరీనాది కాదు. ఆమె తన ఇల్లు గీసుకుంది. మన గడపని తెలుగులో గీసుకోవాల్సింది మనమే.